పడుకునే ముందు తంబురా శృతి, కంచు గిన్నె: ఏ శృతిలో, ఎంత సౌండులో, ఎంతసేపు?

#1 · గోరింట

అందరికీ నమస్కారం. రాత్రి పడుకోబోయే ముందు ఓ ఇరవై నిమిషాలు శబ్దం వింటూ సేదదీరే ఏర్పాటు ఇంట్లో చేసుకోవాలి. ఉన్న సామాను ఇది: ఎలక్ట్రానిక్ తంబురా పెట్టె, ఫోనులో తంబురా యాప్, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు, ఆరంగుళాల కంచు గిన్నె, దాంతోపాటు ఇచ్చిన చెక్క కర్ర. అటక మీద పాత నాలుగు తీగల తంబురా కూడా ఉంది. తీగలు తుప్పు పట్టాయి, కుండ బాగానే ఉంది.

అడగాల్సినవి:
432 హెర్ట్జ్‌లో పెడితేనే పనిచేస్తుందని వీడియోలన్నీ అంటున్నాయి. నిజమేనా?
హెడ్‌ఫోన్సా, స్పీకరా? సౌండు ఎంత?
గిన్నె అంచు మీద కర్ర తిప్పితే మోగడం మానేసి గరగరమంటోంది. ఎందుకు?
ఇంట్లో పెద్దావిడకి చెవిలో హోరు ఉంది. ఆవిడ కూడా కూర్చోవచ్చా?

#2 · పెసరట్టు_ఉప్మా

ఏడు చక్రాలకి ఏడు గిన్నెలు, ఒక్కోటీ ఏడు లోహాలు, మొత్తం సెట్టు కొంటే సంచీ ఉచితం అనే బాపతు వీడియోలేనా అవి? పెద్దలు వచ్చేదాకా ఆగండి. ఇక్కడ శృతి తెలిసినవాళ్ళూ ఉన్నారు, కంచు తెలిసినవాళ్ళూ ఉన్నారు.

#3 · నాలుగుతీగలు

గోరింట గారూ, 432 సంగతి ముందు తేల్చేద్దాం. ఆ అంకె పాశ్చాత్య సంగీతంలో 'ఏ' అనే స్వరానిది. ఆ స్వరం ఎక్కడ ఉండాలన్నది వాళ్ళకి ఎప్పుడూ పేచీయే. ఫ్రాన్సు 1859లో 435 అని చట్టమే చేసింది. 1939లో లండన్ సమావేశంలో 440కి ఒప్పుకున్నారు. వాద్యబృందంలో యాభై మంది కలిసి వాయించాలంటే ఏదో ఒక అంకె మీద నిలబడాలి, అంతకుమించి అందులో మహత్తు ఏమీ లేదు. మన కర్ణాటక సంగీతంలో ఆధార షడ్జమం, అంటే పాటంతటికీ ఆధారమైన 'స', ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళది. ఒకటి శృతి వాళ్ళది 130.8 హెర్ట్జ్, రెండు శృతి వాళ్ళది 146.8, అయిదు శృతి వాళ్ళది 196. 'ఏ' స్వరం ఎక్కడుందో పట్టించుకోని సంగీతంలో 440 తప్పు, 432 ఒప్పు అనే మాటకి అర్థమే లేదు. రెండింటికీ తేడా 32 సెంట్లు (ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి నూరు సెంట్లు). అంటే ఒక స్వరస్థానంలో మూడో వంతు కూడా కాదు.

కాబట్టి అంకె వదిలేసి గొంతు చూసుకోండి. నోరు మూసుకుని, బలం పెట్టకుండా 'మ్...' అనండి. ఎక్కడ హాయిగా నిలుస్తుందో అదే మీ షడ్జమం. పెట్టె మీద శృతి మీట దానికి దగ్గరలో పెట్టి, సన్న సవరింపు మీటతో కలపండి. సాధారణంగా మగవాళ్ళకి ఒకటి, ఒకటిన్నర దగ్గర, ఆడవాళ్ళకి అయిదు, అయిదున్నర దగ్గర కుదురుతుంది. కేవలం వినడానికే అయితే ఆడవాళ్ళు కూడా ఒకటి, రెండు శృతుల్లో పెట్టుకోవచ్చు. కింది స్థాయి చెవికి మెత్తగా ఉంటుంది. పెట్టె మీద ప, మ అని రెండు ఎంపికలుంటాయి. 'ప' మీదే ఉంచండి. మధ్యమ శృతిలో మనసు ఏదో రావాలని ఎదురుచూస్తూ ఉంటుంది, పంచమంలో వచ్చి కూర్చున్నట్టుంటుంది. ఇది శాస్త్రం కాదు, నా అభిప్రాయం.

ఇక అటక మీద తంబురా. కుండ బాగుంటే దాన్ని వదలకండి, పెట్టె దాని కాలిగోటికి సరిరాదు. చేయాల్సిన పని ఇది.

నాలుగు తీగలూ ఒకేసారి మార్చండి. ఒకటి పాతది, మూడు కొత్తవి ఉంటే మోత ఎప్పటికీ కలవదు. దుకాణంలో ఏ శృతికో చెప్పి సెట్టు అడగండి. ఒకటి శృతి తీగలు అయిదు శృతికి లాగితే తెగుతాయి, అయిదు శృతి తీగలు ఒకటికి దించితే వేలాడతాయి. ఎక్కించే ముందు దండి (పొడవాటి మెడ), కుండ కలిసే చోట బీటలున్నాయేమో, తీగలు ఆనే గుర్రం అడుగున జిగురు వదిలిందేమో వేలితో తట్టి చూడండి. వదిలిన చోట తట్టితే డొల్లగా పలుకుతుంది. అలా పలికితే తీగలు ఎక్కించొద్దు, పనివాడికి చూపించండి.

తీగ బిగించే బిరడా జారిపోతుంటే దాని నున్నటి భాగానికి సుద్దముక్క రుద్దండి. బిగుసుకుపోతే ఎండు సబ్బు కొద్దిగా. తీగల వరస: మంద్ర (కింది స్థాయి) పంచమం, షడ్జమం పలికే సారణి, అనుసారణి, మంద్ర షడ్జమం. చివరిది ఇత్తడి తీగ. చాలా ఏళ్ళు వదులుగా పడివున్న వాద్యం కనుక మొదటిరోజు రెండు స్వరాలు తక్కువలో ఆపండి. రెండు రోజులాగి పూర్తి శృతికి తీసుకెళ్ళండి.

#4 · గోరింట

చాలా సంతోషం అండీ. తీగలు ఎక్కించాక 'జుంయ్' అనే ఆ మోత దానంతటదే వస్తుందా? జీవాళి అని ఏదో దారం పెట్టాలంటారు కదా.

#5 · నాలుగుతీగలు

దానంతటది రాదు. తంబురాకి ప్రాణం దారంలోనే ఉంది, ఆ పేరూ అందుకే వచ్చింది.

కుట్టుపని నూలు దారం జానెడు తీసుకుని పురి విప్పండి, ఒక్క పోగు చాలు. పట్టు పోగైతే ఎక్కువ రోజులు ఉంటుంది. ముందు దారం లేకుండా నాలుగు తీగలూ శృతి చేయండి. తర్వాత ఒక తీగ కింద, గుర్రం మీద, పోగును అడ్డంగా పెట్టి రెండు కొసలూ ఎడమచేత్తో పట్టుకోండి. కుడిచేత్తో ఆ తీగ మీటుతూ పోగును వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరపండి. గుర్రం పైభాగం చదును కాదు, చాలా కొద్దిగా వంపు ఉంటుంది. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును ముద్దాడి వదలాలి. పోగు దండి వైపు ఎక్కువ జరిగితే తీగ గుర్రాన్ని అసలు తాకదు, మోత బోడిగా వీణలో ఒక తీగ మీటినట్టు ఉంటుంది. వెనక్కి ఎక్కువ పోతే తీగ గుర్రం మీద పడుకుని మూగబోతుంది. మధ్యలో ఒక చోట మోత పువ్వులా విచ్చుకుంటుంది. పైన సన్నని స్వరాలు ఒకదాని వెంట ఒకటి కిందికి జారుతున్నట్టు వినిపిస్తాయి. అక్కడ ఆపండి. ఆ చోటు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

పోగు పెట్టాక శృతి కొద్దిగా కదులుతుంది. బిరడా ముట్టుకోకుండా గుర్రం వెనక తీగలకి ఉండే పూసలను జరిపి సరిచేయండి. బిరడా తిప్పారంటే జీవాళి మళ్ళీ మొదటికి వస్తుంది. కొత్తవాళ్ళు గంటలు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

మీటడం: పంచమాన్ని మధ్యవేలితో, మిగతా మూడింటినీ చూపుడువేలితో. గోరు తగలకూడదు, వేలి కొస మెత్తదనమే తగలాలి. నాలుగు తీగలూ ఒక చుట్టు రావడానికి నాలుగైదు సెకన్లు తీసుకోండి. తాళంలా కొట్టకండి, మంద్రం మీద కాస్త ఆగండి. వినేవాళ్ళకి 'ఇదిగో కొట్టాడు' అని తెలియకుండా, తెగని ధారలా ఉండాలి.

ఒక పిడకల వేట. ఈ గుర్రం వంపు మీద సి.వి. రామన్ 1921లో పరిశోధన పత్రం రాశారు. మామూలు తీగను ఒక చోట మీటితే, ఆ చోట కదలిక ఉండని అనుస్వరాలు (మూలస్వరంతో పాటు పైన సన్నగా పలికేవి) పలకకూడదు. తంబురాలో, వీణలో అవి కూడా గట్టిగా పలుకుతాయని ఆయన చూపించారు. తండ్రి విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు కనుక రామన్ చిన్నతనం అక్కడే గడిచింది.

#6 · సౌండు_పెట్టె

నాలుగుతీగలు గారు వాద్యం చెప్పారు, స్పీకరు సంగతి నేను చెబుతాను.

ఒకటి శృతిలో తంబురా తీగలు పలికే స్థానాలు లెక్కేయండి: పంచమం 98 హెర్ట్జ్, సారణి, అనుసారణి 131, మంద్రం 65. మీ ఫోను స్పీకరుకి 300 కింద దాదాపు ఏమీ పలకదు. అంటే నాలుగు తీగల్లో ఒక్కదాని మూలస్వరం కూడా ఫోనులోంచి రావడం లేదు. పై అనుస్వరాలు విని, కింద ఇది ఉండాలి అని మెదడు పూరించుకుంటుంది. అందుకే ఫోనులో తంబురా ఈగ ముసిరినట్టు ఉంటుంది. పలచగా ఉందని సౌండు పెంచుతాం, పెరిగేది గరుకుదనమే.

అరచేతి బ్లూటూత్ స్పీకరు కొంత నయం, 100 దగ్గర దాకా దిగుతుంది. దాన్ని గోడకి ఆనించి, వీలైతే మూలలో పెట్టండి. గోడ సాయంతో కింది స్వరాలు బలపడతాయి. తలగడ పక్కన వద్దు, అయిదారు అడుగుల దూరంలో చెక్క బల్ల మీద పెట్టండి. రేకు బీరువా మీద పెడితే బీరువా తలుపు కూడా పాడుతుంది.

సౌండు: గదిలో ఫ్యాను తిరుగుతుండగానే సరిచేయండి. సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, మొదటిసారి స్పష్టంగా వినబడిన చోట ఆగి, ఒక మెట్టు తగ్గించండి. ఫోనులో డెసిబెల్ యాప్ ఉంటే తలగడ దగ్గర చూడండి, 40 నుంచి 45 మధ్య చాలు. ఆ యాప్‌లు అయిదారు డెసిబెల్లు అటూఇటూ చూపిస్తాయి కనుక అంకెను పట్టుకు వేలాడొద్దు, ఒకే ఫోనుతో నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చడానికి వాడండి. పడకగదిలో నిద్రకి 30 డెసిబెల్లు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల మాట. కాబట్టి రాత్రంతా మోగించే పని కాదు. ఇరవై నిమిషాలకి టైమరు, ఆఖరి మూడు నిమిషాలు మెల్లగా తగ్గుతూ ఆగాలి. టక్కున ఆగితే పట్టబోయిన నిద్ర కాస్తా ఎగిరిపోతుంది.

జరిగే తప్పులు, ఎక్కువగా జరిగే వరసలోనే:

వీడియో యాప్‌లో పెట్టడం. పదిహేనో నిమిషంలో గోడల రంగు ప్రకటన దద్దరిల్లుతుంది. ఫైలు దింపుకుని పాటల యాప్‌లో వేయండి. ఫోను ఫ్లైట్ మోడులో పెట్టి బ్లూటూత్ మాత్రం తెరవండి.

స్పీకరు దానంతటది ఆగిపోతూ 'పవర్ ఆఫ్' అని అరవడం. పాట ఆగిన కొన్ని నిమిషాలకి ఇది జరుగుతుంది, అంటే సరిగ్గా కునుకు పట్టే వేళకి. వైరుతో కలిపితే కొన్ని స్పీకర్లలో ఈ బాధ ఉండదు.

బ్యాటరీ పొదుపు పేరుతో ఫోను తంబురా యాప్‌ను మధ్యలో చంపేయడం. సెట్టింగుల్లో ఆ ఒక్క యాప్‌కి పొదుపు తీసేయండి.

సొంత తంబురా రికార్డు చేసుకుని ఎంపీ3లో తిప్పడం. ఆ పద్ధతిలో ఫైలు మొదట, చివర కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది, చుట్టు తిరిగిన ప్రతిసారీ 'టిక్' మంటుంది. వేవ్ లేదా ఫ్లాక్‌లో దాచండి. మీటు మొదలైన చోట కాకుండా మంద్రం మోత సాగుతున్న చోట కత్తిరించి, చివరి మూడు సెకన్లను మొదటి మూడు సెకన్ల మీద కలగలపండి. అతుకు తెలియదు.

హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు. పెట్టుకుని నిద్రపోతే చెవి నలుగుతుంది, వైరు మెడకి చుట్టుకుంటుంది.

#7 · రైలుకట్ట

సౌండు_పెట్టె అన్నా, రెండు చెవులకీ వేర్వేరు స్వరాలు వినిపించే బైనారల్ బీట్స్ అయితే హెడ్‌ఫోన్స్ లేకుంటే పని చెయ్యవు కదా? అవి మంచివేనా, ఉట్టిదేనా?

#8 · సౌండు_పెట్టె

అవునండి, వాటికి హెడ్‌ఫోన్స్ తప్పవు. ఎడమ చెవికి 200, కుడి చెవికి 206 హెర్ట్జ్ ఇస్తే తలలో ఎక్కడో సెకనుకి ఆరుసార్లు ఊగినట్టు అనిపిస్తుంది. ఆ ఊపు గాలిలో లేదు, రెండు చెవుల సమాచారం మెదడులో కలిసే చోట పుడుతుంది. అదే రెండు స్వరాలూ స్పీకరులో వేస్తే గాలిలోనే కలిసి మామూలు ఊపు అవుతుంది, దాన్ని బైనారల్ అనకూడదు. వేయి హెర్ట్జ్ దాటిన స్వరాలతో ఇది సరిగా వినబడదు. 1973లో గెరాల్డ్ ఆస్టర్ అనే ఆయన 'సైంటిఫిక్ అమెరికన్'లో రాసిన వ్యాసం తర్వాతే జనం దీని వెంట పడ్డారు.

ఆరు హెర్ట్జ్ వినిపిస్తే మెదడు తరంగాలూ ఆరుకి దిగుతాయన్న మాట మీద ప్రయోగాలు చాలానే జరిగాయి. ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. విని హాయిగా ఉంటే వినండి, అంతే. ఒక్కటి చూసుకోండి: కొన్ని ఫైళ్ళు మోనోగా, అంటే రెండు చెవులకీ ఒకటే శబ్దం వచ్చేలా, మార్చి పెట్టేస్తారు. ఎడమ ఇయర్‌ఫోను తీసేసి వినండి, ఊపు ఇంకా వినబడుతుంటే అది బైనారల్ కాదు.

#9 · కంచుమోత

ఇక గిన్నె.

గరగర రావడానికి నూటికి తొంభై సార్లు కారణం తొందరే. కర్ర అంచుని వదిలి మళ్ళీ తగులుతూ పోతుంటే ఆ చప్పుడు. వడి తగ్గించి ఒత్తిడి కాస్త పెంచండి. గిన్నెను అరచేయి చదునుగా చాపి దాని మధ్యలో పెట్టండి, వేళ్ళు పైకి లేచి గిన్నె గోడకి తగలకూడదు. తగిలితే మోత చచ్చిపోతుంది. ముందు కర్రతో మెత్తగా ఒక్కసారి కొట్టి మోగించండి, ఆ మోత ఉండగానే అంచు బయటివైపు కర్రను నిటారుగా ఆనించి తిప్పండి. మణికట్టు తిప్పొద్దు, మోచేయి నుంచి మొత్తం చేయి కదలాలి, పిండి రుబ్బినట్టు. ఒక చుట్టుకి రెండు సెకన్లు. మోత పెరుగుతున్న కొద్దీ వడి ఇంకా తగ్గించాలి. పెంచితే మళ్ళీ గరగర.

అప్పటికీ తగ్గకపోతే కర్ర చూడండి. గట్టి చెక్క నేరుగా అంచు మీద ఆడితే ఆరంగుళాల గిన్నెలో పై స్వరం కీచుమంటుంది. కర్రకి మెత్తని తోలు పట్టీ చుట్టి అతికించండి. అంచు మీద నూనె చేతి జిడ్డు ఉంటే కర్ర జారుతుంది, చింతపండుతో తోమి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఇంకా రాకపోతే గిన్నెను వేళ్ళ కొసల మీద నిలిపి గోటితో తట్టండి. మంచి కంచు అరనిమిషం పైనే మోగుతుంది. పగులు ఉంటే బొంగురుగా ఒక్కసారి పలికి ఊరుకుంటుంది, దానికి మందు లేదు.

ఏడు లోహాల కథ గురించి పెసరట్టు గారు నవ్వారు కానీ నిజంగానే నవ్వాల్సిందే. మోగే కంచు అంటే సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. తగరం అంత ఉండబట్టే మోత, అంత ఉండబట్టే పెళుసు. కింద పడితే పగులుతుంది. అందులో బంగారం, వెండి కలిపితే మోత పెరగదు. అంగట్లో 'ధ్యానపు గిన్నె' అని అమ్మేవాటిలో చాలావరకు యంత్రం మీద తిప్పిన ఇత్తడి. అది కంచు అంతసేపు మోగదు, పసుపు ఛాయ ఎక్కువ ఉంటుంది. మనకి శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. పాత పశ్చిమగోదావరి జిల్లాలో అజ్జారం ఇత్తడికి, గంటలకి. కొనేటప్పుడు ఎక్కడిదన్నది కాదు, ఒక్కసారి కొట్టి ఎంతసేపు మోగుతోందో గడియారం పెట్టి చూడండి.

గిన్నె మోతలో 'వావ్... వావ్' అనే ఊపు ఉంటుంది కదా, దాని రహస్యం చిన్నది. గిన్నె నూటికి నూరుపాళ్ళు గుండ్రంగా ఉండదు, సమ్మెట దెబ్బలకి మందం అక్కడక్కడ తేడా. అందుకని ఒకే స్వరం కొద్ది తేడాతో రెండుగా చీలుతుంది. ఒకటి 220, ఇంకోటి 222 అయితే సెకనుకి రెండుసార్లు ఊగుతుంది. శనగగింజంత మైనం ముద్ద అంచుకి అంటించి కొట్టండి, ఊపు వేగం మారుతుంది. ముద్దను అంచు వెంట జరుపుతూ పోతే ఒక చోట ఊపు బాగా నెమ్మదిస్తుంది. నిద్ర కోసమైతే ఆ నెమ్మది ఊపే కావాలి. ముద్ద అక్కడే ఉంచేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పడుకునే ముందు అంచు తిప్పే కంటే మెత్తగా కొట్టడమే నా మాట. గిన్నెను నేల మీద చుట్టకుదురు పెట్టి దాని మీద ఉంచండి. దూది కుక్కిన బట్ట ముద్ద కట్టిన కర్రతో నడుముకి కొంచెం పైన కొట్టండి. పూర్తిగా ఆరిపోయాక, ఇంకో రెండు ఊపిర్లు ఆగి, మళ్ళీ. పది దెబ్బలకి పది నిమిషాలు పడుతుంది. చెవి పక్కన ఎప్పుడూ కొట్టకండి, తల మీద బోర్లించి కొట్టే వేడుక అసలు వద్దు. కాన్పుకి సిద్ధంగా ఉన్నవాళ్ళు, పేస్‌మేకరు, ఎముకలో లోహపు పలకలు ఉన్నవాళ్ళు ఒంటి మీద గిన్నె పెట్టించుకోవద్దు. గదిలో దూరంగా మోగితే బాధ లేదు.

#10 · చెవిలోపల

పెద్దావిడ చెవి హోరు గురించి విడిగా రాస్తున్నాను. ఇది సేదదీరడం కంటే వేరే సంగతి.

ముందు మూడు ప్రశ్నలు. హోరు ఒక్క చెవిలోనేనా? నాడి కొట్టుకున్నట్టు 'దప్ దప్' అని వినబడుతోందా? ఈ మధ్య వినికిడి హఠాత్తుగా తగ్గిందా, తల తిరుగుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గిన్నెలు, తంబురాలు పక్కనపెట్టి చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. హఠాత్తుగా ఒక చెవి వినబడకపోతే ఆ రోజే వెళ్ళాలి. స్టెరాయిడ్లతో చేసే వైద్యం మొదటి రోజుల్లో పనిచేసినట్టు తర్వాత చేయదు. గుబిలి అనుకుని వారం రోజులు చుక్కలు వేసుకుంటూ ఆ సమయం పోగొట్టుకుంటారు.

ఇవేవీ లేవు, చాలాకాలంగా ఉన్న మామూలు హోరే అనుకుందాం. వినికిడి పరీక్ష ఒకటి చేయించండి. ఈ హోరు ఉన్నవాళ్ళలో చాలామందికి వినికిడి లోటు కూడా ఉంటుంది, వినికిడి యంత్రం పెట్టగానే బయటి శబ్దాలు లోపలికొచ్చి హోరు వెనక్కి తగ్గుతుంది. అన్నిటికంటే మంచి శబ్ద చికిత్స అదే.

రాత్రికి: పూర్తి నిశ్శబ్దం వీళ్ళకి శత్రువు. గదిలో సన్నని శబ్దం ఉండాలి, కానీ హోరును ముంచేసేంత కాదు. హోరూ వినబడాలి, బయటి శబ్దమూ వినబడాలి, రెండూ పక్కపక్కన. అలా కలిసే స్థాయి కంటే ఒక అడుగు కింద పెట్టండి. పూర్తిగా కప్పేస్తే ఆ పూట హాయిగానే ఉంటుంది, కానీ హోరుకు అలవాటు పడే అవకాశం మెదడుకి దొరకదు. శబ్దం ఆపగానే ఇంకా పెద్దగా తోస్తుంది.

దీనికి తంబురా కంటే వాన చప్పుడు మేలు. తంబురాలో శక్తంతా కొన్ని స్వరాల దగ్గరే పోగుపడి ఉంటుంది, హోరు ఉన్న చోట ఏమీ లేకపోవచ్చు. వాన, వాగు లాంటి చప్పుడు అన్ని స్థాయిల్లో పరుచుకుని ఉంటుంది. యాప్‌లో తెలుపు, గులాబి, గోధుమ అని మూడు రంగుల శబ్దాలు కనబడతాయి. తెలుపు గ్యాసు పొయ్యి బుస్సుమన్నట్టుంటుంది. గులాబిలో ఒక్కో స్థాయి ('స' నుంచి పై 'స' దాకా) ఎక్కేకొద్దీ మూడు డెసిబెల్ల చొప్పున పైవి తగ్గుతాయి, వానలా ఉంటుంది. గోధుమలో ఆరు చొప్పున తగ్గి ఆనకట్ట దగ్గర నీటి హోరులా ఉంటుంది. గులాబితో మొదలుపెట్టి ఆవిడ్నే ఎంచుకోమనండి. వారాల తరబడి వాడాలి, మూడు రోజులకి తీర్పు చెప్పొద్దు.

మామూలు చప్పుళ్ళకే చెవి నొప్పెట్టేవాళ్ళు, గిన్నె మోతకి ఒళ్ళు జలదరించేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని 'అలవాటవుతుంది' అని కూర్చోబెట్టకండి.

పసిపిల్లలున్న గదికి ఇంకో లెక్క: 50 డెసిబెల్లు దాటొద్దు, ఏడడుగుల దూరం, పాప నిద్రపోగానే ఆపేయాలి.

హెడ్‌ఫోన్స్ తప్పదనుకునేవాళ్ళకి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దలకి 80 డెసిబెల్ల దగ్గర వారానికి 40 గంటలు హద్దు, పిల్లలకి 75. మూడు డెసిబెల్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది.

#11 · నిండుఊపిరి

అందరూ వినడం గురించే రాశారు. మన నోట పుట్టే శబ్దాన్ని మరిచిపోయారు. పరికరం అక్కర్లేనిది భ్రామరి, అంటే తుమ్మెదలా మోత చేస్తూ ఊపిరి వదిలే ప్రాణాయామం. హఠయోగ ప్రదీపిక రెండో అధ్యాయంలో ఉంది.

వెన్ను నిటారుగా కూర్చోండి. పెదవులు మూసి, పళ్ళు ఆనకుండా కొద్దిగా ఎడంగా ఉంచండి. ఇది ముఖ్యం, పళ్ళు బిగిస్తే మోత దవడలో ఆగిపోతుంది. బొటనవేళ్ళతో చెవి ముందరి చిన్న మెత్తటి రెక్కను లోపలికి మెల్లగా నొక్కండి, వేలు చెవిలోకి దూర్చొద్దు. ముక్కుతో మూడు సెకన్లు పీల్చి, ఏడు సెకన్లు తుమ్మెదలా 'మ్...' అంటూ వదలండి. పది సెకన్లకి ఒక ఊపిరి, నిమిషానికి ఆరు.

ఆరు అన్న అంకె ఊరికే రాలేదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల పత్రం వచ్చింది. లాటిన్ జపమాల చదివినా, 'ఓం మణి పద్మే ఓం' అన్నా ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి దిగి, గుండె లయలో ఊపు పెరిగిందని అందులో తేలింది. 2002లో స్వీడన్ వాళ్ళు మామూలుగా ఊపిరి వదిలినప్పటికంటే గొంతుతో 'మ్' అంటూ వదిలినప్పుడు ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ పదిహేను రెట్లు ఉందని కొలిచారు. దీనివల్ల జబ్బులు పోతాయని మాత్రం అర్థం తీయకండి, ముక్కు పక్క గుల్లల్లో గాలి బాగా ఆడుతుందన్నంత వరకే.

తప్పులు: గట్టిగా అనడం. పక్క గదిలోకి వినబడితే అది ఎక్కువే. ఊపిరి ఆఖరి చుక్క దాకా లాగడం, అప్పుడు తర్వాతి ఊపిరి ఎగబీల్చాల్సి వస్తుంది, నెమ్మదితనమంతా పోతుంది. ఏడు అందకపోతే అయిదు సెకన్లు అనండి. ఆరు చుట్లతో మొదలుపెట్టి పన్నెండు దాకా చాలు. జలుబుతో చెవి దిబ్బడ వేసినప్పుడు, చెవిలో చీము ఉన్నప్పుడు మానేయండి.

తంబురాతో కలిపి చేస్తే మరీ బాగు. ముందు అయిదు నిమిషాలు తంబురా షడ్జమంలో గొంతు కలిపి భ్రామరి, తర్వాత పడుకుని ఊరికే వినడం. గొంతు శృతిలో కలిసినప్పుడు ముక్కు వంతెన దగ్గర సన్నగా జల్లుమంటుంది, కలవకపోతే ఆ చోట ఏమీ తెలియదు. శృతి కలిసిందో లేదో చూసుకోవడానికి ఇంతకంటే తేలిక కొలత లేదు.

#12 · రైలుకట్ట

రాగం పెడితే ఇంకా మంచిది కాదా? నీలాంబరి వింటే నిద్ర వస్తదని మా దిక్కు అందరూ చెప్తరు.

#13 · నాలుగుతీగలు

నీలాంబరికి జోలపాటల పేరు పాతదే. కానీ సంగీతం తెలిసినవాళ్ళకి రాగం నిద్ర పట్టనివ్వదు. 'ఇప్పుడు కైశికి నిషాదం ఎలా పట్టాడు' అని చెవి మేలుకుంటుంది. తెలియనివాళ్ళకి పనిచేస్తుంది. సాహిత్యం లేకుండా, మృదంగం లేకుండా, విలంబంలో (బాగా నెమ్మదిగా) ఒకే వాద్యం మీద వాయించిన ఆలాపన ఎంచుకోండి.

#14 · చెవిలోపల

నిద్ర పట్టనివాళ్ళకి పాట వినడం మీద, వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2022లో మళ్ళీ వచ్చింది. విన్నవాళ్ళు తమ నిద్ర బాగుపడిందని చెప్పారు. ఆ ప్రయోగాల్లో మామూలుగా రోజుకి 25 నిమిషాల నుంచి గంట దాకా వినిపించారు. ఫలానా రాగం ఫలానా జబ్బుకి అనే పట్టికలకి అలాంటి ఆధారం లేదు. బీపీ మాత్ర మానేసి రాగం పెట్టుకోవద్దు.

#15 · గోరింట

చెప్పినట్టే చేస్తున్నాను. గిన్నె గరగర పోయింది, వడే కారణం. తంబురా ఇంకా తీగల దగ్గరే ఉంది కనుక ఇప్పటికి యాప్, స్పీకరు. ఒకటి శృతిలో పెట్టి స్పీకరు మూలకి జరిపాక మోత నిండుగా వస్తోంది, కానీ ఒక చిత్రం. సెకనుకి రెండుసార్లు ఊగుతున్నట్టు అడుగున ఏదో వినబడుతోంది. యాప్‌లో పంచమం తప్పుందా? ట్యూనర్ యాప్‌లో అంతా పచ్చగానే చూపిస్తోంది.

#16 · సౌండు_పెట్టె

ట్యూనర్ పచ్చగా ఉన్నా పంచమం తేడా ఉండొచ్చు. ఆ యాప్‌లు స్వరాలన్నీ సమాన దూరంలో ఉండే హార్మోనియం లెక్కలో 98.0 చూపిస్తాయి, షడ్జమం 130.8కి అసలైన పంచమం 98.1. చిన్న తేడానే, కానీ షడ్జమం మూడో అనుస్వరం, పంచమం నాలుగో అనుస్వరం రెండూ 392 దగ్గర కలవాలి. అక్కడ ఈ తేడా పెరిగి రెండు సెకన్లకి పైన ఒక ఊపు వస్తుంది. పంచమం రెండు సెంట్లు పైకి జరిపితే పోతుంది.

మీరు చెప్పేది మాత్రం సెకనుకి రెండు. అది ఇది కాదు. గోరింట గారూ, ఫ్యాను ఆపి వినండి ఒకసారి.

#17 · గోరింట

ఆపితే లేదండీ! మళ్ళీ వేస్తే ఉంది.

#18 · సౌండు_పెట్టె

అనుకున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్. మోటారు రొద దానికి రెట్టింపు, 100 దగ్గర ఉంటుంది. మీ పంచమం 98.1. రెండింటికీ తేడా 1.9, సెకనుకి దాదాపు రెండు ఊపులు. స్పీకరు మూలకి పెట్టకముందు 98 పలికేదే కాదు కనుక తెలియలేదు.

మందు రెండు రకాలు. రెగ్యులేటరు ఏదో చూడండి. మీట నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రకమైతే రొద ఎక్కువ, అయిదు మెట్ల కెపాసిటర్ రకం పెడితే బాగా తగ్గుతుంది. రెండోది ఖర్చు లేనిది: ఫ్యానుకే శృతి కలిపేయండి. పంచమం సరిగ్గా 100 కావాలంటే షడ్జమం 133.3. యాప్‌లో ఒకటి శృతి మీద 33 సెంట్లు పైకి జరపండి. కరెంటు 49.9 నుంచి 50.05 మధ్య కదులుతుంటుంది కనుక ఎప్పుడైనా అయిదారు సెకన్లకో ఊపు రావొచ్చు, అది వినడానికి బాగానే ఉంటుంది.

432 కోసం 32 సెంట్లు కిందికి దించేవాళ్ళున్నారు. మీరు ఫ్యాను కోసం 33 పైకి ఎక్కించండి, దీనికి కారణమైనా ఉంది.

#19 · పెసరట్టు_ఉప్మా

ఇంత లెక్క ఎందుకు, ఆ ఇరవై నిమిషాలు ఫ్యాను ఆపేస్తే పోలా?

#20 · కంచుమోత

బెజవాడలో, మే నెలలో ఆపి చెప్పండి.

#21 · గోరింట

133.3 పెట్టాను. ఫ్యాను కూడా తంబురాలో కలిసిపోయింది, ఎక్కడ ఏది మోగుతోందో తెలియడం లేదు. నాలుగుతీగలు గారూ, తీగల సెట్టు ఒకటి శృతికే అడగనా, ఈ 33 సెంట్లకి వేరేదా?

#22 · నాలుగుతీగలు

ఒకటికే అడగండి. ఆ కొంచెం బిరడా పావు చుట్టులో వచ్చేస్తుంది. శృతి చేసేటప్పుడు ఫ్యాను తిరుగుతూనే ఉండనివ్వండి. జీవాళి పెట్టేటప్పుడు మాత్రం ఆపండి, లేకపోతే గాలికి పోగు ఎగిరిపోతుంది.